రెండవ గొంతు
(షేక్ నాజర్ స్మారకోపన్యాసము, భవానీపురము, విజయవాడ)



ఇంద్రకీలాద్రికి పడమట కృష్ణ యొడ్డున వెలసిన ఈ భవానీపురమునుండి నది దాటినచో గుంటూరు సీమ. ఆ సీమలోని పొన్నెకల్లు గ్రామమున 1920లో దూదేకుల కుటుంబమున జన్మించి, తంబుర భుజమున వేసికొని ఊరూర కథ చెప్పి, తెలుగునాట బుర్రకథ యన్నంతనే మొదట జ్ఞప్తికి వచ్చు పేరై, 1986లో పద్మశ్రీ నంది, 1997లో కీర్తిశేషుడైన షేక్ నాజర్ స్మృతికి ఈ ఉపన్యాసము నివేదింపబడుచున్నది. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. లోకము చులకనగా పలికిన కులనామమును తన జీవితగ్రంథమునకు శిరోభూషణముగా ధరింపజేసిన ఆ నిబ్బరము ఆయన పాటలోను, ఆటలోను గూడ నుండెడిది.

అట్టివాని స్మారకసభలో ఆయనను గూర్చియే ప్రసంగించుట మర్యాద. నేను మాత్రము ఆయన కిరుప్రక్కల నిలిచిన యిద్దరిని గూర్చి చెప్పదలచి వచ్చితిని. తెలుగుదేశపు జానపద మేళములను విన్నకొలది నా మనస్సున స్థిరపడిన అభిప్రాయ మొక్కటి కలదు: మన మేళమునకు ప్రాణము కథ నడుపు గొంతున కంటె, దానికి బదులు పలుకు రెండవ గొంతున హెచ్చుగా నున్నది. ఆ గొంతు మనుష్యునిది కావచ్చును, తోలుది కావచ్చును, తీగది కావచ్చును. అది ప్రశ్నించును, ఊకొట్టును, నవ్వును, ఎత్తిపొడుచును, ఒక్కొక్కయెడ కథకుని నిలువరించి నిలదీయును. వాద్యముల పట్టికలు, కులముల పట్టికలు శ్రమపడి కూర్చిన పెద్దలు పలువురు దీనిని ప్రక్కవాద్యమని యొక్క మాటలో తేల్చి ముందునకు సాగిరి. అందువలన నేడు దానియొద్దనే కొంతసేపు నిలువవలెనని నా కోరిక.

బుర్రకథ నెరుగని తెలుగువాడు అరుదు గనుక దాని రూపమును క్లుప్తముగా చెప్పెదను. నడుమ కథకుడు, ఆతని భుజమున తంబుర, వ్రేళ్ళకు అందెలు, కాళ్ళకు గజ్జెలు, తలకు పాగా. అటు నిటు వంతలు; వారి చేతులలో డక్కీలు, వీనినే గుమ్మెటలనియు కొందరందురు. వంతలలో నొకరిది రాజకీయము, వేరొకరిది హాస్యము. కథకుడు పాదము ముగించునప్పటికి వంతలు తందాన పల్లవి నందుకొందురు; ఆ వ్యవధిలో నాతడు ఊపిరి తీసికొని, తంబుర మీటుచు, అడుగులు వేయుచు వెనుకకు పోయి మరల ముందునకు వచ్చును. కథకుని కంఠమునకు విశ్రాంతి, శ్రోతకు విన్నదానిని నెమరువేయుట కవకాశము, రానున్న ఘట్టమునకు వేగము, ఈ మూడును ఆ కొద్ది క్షణములలోనే సమకూరును. రాత్రి తొలిజామున మొదలై నడిరేయి దాటువరకు సాగు కథను మోయుటకు ఒక్క గొంతు చాలదని మన పూర్వులు అనుభవమున నెరిగి చేసిన యేర్పాటిది.

దీనికి మూలమైన జంగముకథలో పురుషుడు కథ చెప్పుచుండగా అతని యింటి స్త్రీలు గుమ్మెట వాయించుచు వంత పాడెడివారు. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడిన పిదప ఆ సంచారకళను రాజకీయోద్యమము తన చేతిలోనికి తీసికొన్నప్పుడు, వేషము మారినది, వస్తువు మారినది, వేదిక యెత్తైనది; కాని మార్పులన్నింటిలో గొప్పది వంతలకు వచ్చిన స్వాతంత్ర్యమని నేననుకొందును. పల్నాటి యుద్ధముగాని, బొబ్బిలి యుద్ధముగాని, అల్లూరి సీతారామరాజు చరిత్రగాని, కథకుడు చెప్పునది గడచిన కాలపు సంగతి. దానిని నేటి బజారులోని ధరలకు, పన్నులకు, పెత్తందారునకు ముడివేయు పని వంతలది. హాస్యపు వంత అమాయకునివలె అడిగిన ప్రశ్నకు రాజకీయపు వంత బదులు చెప్పును. ఆ బదులునుండి కథకుడు మరల వీరరసమునకు లంఘించును. మద్రాసులోని ఆంగ్లప్రభుత్వము, హైదరాబాదులోని నిజాము ప్రభుత్వము ఒకానొక దశలో ఈ కళను నిషేధించినవి. పాతకాలపు యుద్ధకథను విని ప్రభుత్వమేల భయపడును? కాగితముమీద లేనిది వంత నోట వచ్చుననియే ఆ భయమని నా యూహ. అధికారి ముందుగా చదివి యనుమతించుటకు వీలులేని సాహిత్యమది.

నాజరు కర్ణాటక సంగీతము నభ్యసించినవాడు, నాటకము లాడినవాడు, అభినయ మెరిగినవాడు. ఒంటరిగా నిలిచినను సభను మెప్పింపగల సామర్థ్యమాయనకు పుష్కలముగా నుండెను. అయినను ఘట్టము పతాకస్థాయి నందుకొన్నప్పుడు తాను తగ్గి, వంతకు చోటిచ్చి, ఆ వంత విసరిన మాటను పట్టుకొని మరల లేచుట ఆయన కథనములోని రహస్యము. 1953లో వెలువడిన ‘పుట్టిల్లు’ చలనచిత్రమున ఆయన దళము బుర్రకథ చెప్పినది. ఆ ముగ్గురి పొందిక కొంతవరకైనను చిత్రమునకెక్కి మిగిలినందులకు మనము సంతోషింపవలెను.

ఈ బదులు పలుకు సంప్రదాయము నిన్న మొన్న పుట్టినది కాదు. ఈ కృష్ణానది సముద్రమున కలియుచోటి దివిసీమ నేలిన అయ్యకులమువాడగు జాయపసేనాని, ఓరుగల్లులో గణపతిదేవ చక్రవర్తి గజసైన్యమున కధిపతియై, 1253-54 ప్రాంతమున సంస్కృతమున ‘నృత్తరత్నావళి’ని రచించెను. ఎనిమిది యధ్యాయముల ఆ గ్రంథమున సగము మార్గమునకును, సగము దేశికిని ఆయన కేటాయించుట నాకెప్పుడును ఆశ్చర్యము గొలుపును. భరతుని యుగమునుండి వచ్చిన శాస్త్రమునకెంత గౌరవమో, కోలలు తాకించుచు వలయముగా తిరుగు జనుల యాటకును అంత గౌరవము నిచ్చినవాడు ఏనుగుల సైన్యమును నడిపినవాడు! ప్రేరణి, రాసకము, దండరాసకము, చర్చరి, చిందు, ఇవన్నియు ఆయన కంటబడిన ఆటలే. దండరాసకమున ఒకరి కోల కింకొకరి కోల బదులు చెప్పనిదే ఆటయే లేదు. ఆ శతాబ్దముననే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున శ్రీశైలయాత్రికుల నోట వినవచ్చు తుమ్మెదపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు, ప్రభాతపదములు మున్నగువానిని పేర్కొనెను. యాత్రాగీతము గుంపుపాట, ఒక గుంపు అన్నదానిని మరియొక గుంపు అందుకొనినగాని కొండదారి తరుగదు.

పల్నాటికి పోవుదము. కార్తిక మాసాంతమున అమావాస్య మొదలుగా ఐదు దినములు కారెంపూడిలో వీరులకు జరుగు తిరునాళ్ళలో వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథను గానము చేయుదురు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద గ్రంథశాలలలో నున్నది. వీరి కథ నాగులేటి యొడ్డున నున్నది. గాయకులు మాలలు, కథలోని సేనాని కన్నమదాసును మాలయే, బ్రహ్మనాయుడు చాపకూటిలో అన్ని కులములను ఒక్క పంక్తిని కూర్చుండబెట్టెనని కథ. కనుక పాడువాని కిది పరుల చరిత్ర గాదు. 1974లో జీన్ రోగేరు అను అమెరికా పరిశోధకుడు అలిశెట్టి గాలెయ్య అను గాయకుని కంఠమునుండి ఈ కథ నంతయు ధ్వనిముద్రణము చేసికొని, దానిపై వ్రాసిన గ్రంథమును 1982లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించినది. గాలెయ్య పేరు గ్రంథస్థమైనది. ఆయన వెనుక పలికిన గొంతులు విద్వాంసుల చర్చలలో ఎంతగా వినబడవలెనో అంతగా వినబడలేదు.

మనిషి వంతను విడిచి తోలువంతను చూతము. జమిడికయని తెలంగాణమునను, జముకుయని ఉత్తరాంధ్రమునను పిలువబడు వాద్యమొకటి కలదు. బోలుగానున్న గుల్ల, దాని కొకవైపు తోలు, ఆ తోలు నడుమనుండి వచ్చు తీగ. తీగ కొనను చేత బిగబట్టి మీటుదురు. బిగించినచో స్వరము పైకెగయును, సడలించినచో క్రిందికి జారును. తాళము వేయుచునే స్వరము పలుకు ఈ వాద్యమును తాళవాద్యములలో చేర్పవలెనా, తంత్రీవాద్యములలో చేర్పవలెనా యని శాస్త్రజ్ఞులు తర్కింపవచ్చును. విన్నవారికి మాత్రమది మాట రాని మనిషి మూలుగు, అడుగు, ఒప్పుకొనుట. బవనీలు ఎల్లమ్మ కథ చెప్పునప్పుడు, కథకుడు వాక్యమును సగమున విడిచినచో జమిడిక పూర్తిచేయును. రేణుకయగు ఆ యెల్లమ్మ విలపించు ఘట్టమున గాయకుడు పాడనేపాడడు, వాద్యముచేత ఏడిపించును. నాకు తెలిసిన వాద్యములలో ఇంత మానవమైన ధ్వని మరియొకటి లేదు. మృదంగము ముందు మోకరిల్లిన మన సంగీతసభలు దీనికి ఒక్క సాయంకాలమైన కేటాయింపకపోవుట నాకు నచ్చని విషయము.

మా కృష్ణా, గుంటూరు మండలములలో అంకమ్మ కొలుపులకు పంబలవారి పంబజోడు కావలయును. రాయలసీమలో ఉరుములవారి ఉరుము తోలుమీద పుల్ల రాచినప్పుడు మేఘగర్జనమువంటి నాదము పుట్టించును. ఉత్తరాంధ్రపు యాదవులు రొమ్మునకు తప్పెటగుళ్ళు కట్టుకొని వాయించుచు ఎగిరి యాడుదురు. తోలుబొమ్మలాటలో ఆటగాని కాలిక్రింద నొక బల్ల యుండును. యుద్ధఘట్టమున దానిని తొక్కిన చప్పుడే బొమ్మల పోట్లాటకు ప్రాణము, అనగా పాదములును అచట వంత పాడును. తెలంగాణమున ఒగ్గుకథలో కురుమల డోళ్ళు, తాళములు మల్లన్న కథకు తోడు. ఆదిలాబాదు కొండలలో గోండులకు పరధానులు వంశపరంపరాగతులైన గాయకులు; మూడు తీగల కీక్రీ, సన్నాయివంటి పెప్రె వారి సొత్తు; గోండు వంశచరిత్ర గోండు నోట గాక పరధాని కీక్రీతో కూడి వినవలసినది. ఒక జాతి తన జ్ఞాపకమును మరియొక జాతి గొంతున దాచియుంచుకొనుటకంటె గొప్ప నమ్మక మేమి కలదు? అరకులోయ దింసాకు డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు కూడును. 2022లో పద్మశ్రీ నందినవారిలో సకిని రామచంద్రయ్య కోయల డోలితో సమ్మక్క సారలమ్మల కథ పాడినవాడు. దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయించినవాడు. కిన్నెరగాడు ఒంటరివాడు గదా, నీ సిద్ధాంతమేమాయెనని మీరడుగవచ్చును. మూడు సొరకాయ బుర్రల ఆ వాద్యమును వినుడు: గొంతు ఆగిన ప్రతిచోట తీగ మాటలాడుచుండును.

ఈ డెల్టాలో ధనుర్మాసము వచ్చెనా, హరిదాసు చిడతలు, గంగిరెద్దులవాని సన్నాయి, బుడబుక్కలవాని డమరుకము తెల్లవారుజామున వీధి కొకటిగా వినబడెడివి. కోవెలలలోను, పెండ్లిండ్లలోను నాదస్వరము. దాని ప్రక్కన విడువని శ్రుతి పట్టు మనిషి యొకడుండును. ఆతని నెవ్వరును చూడరు, ఆతడు ఊపిరి ఆపినచో అందరికిని తెలియును. కరవదిలో 1924లో జన్మించి శ్రీరంగమున స్థిరపడి దేశమెల్ల కీర్తినందిన షేక్ చినమౌలానా వంటి మహమ్మదీయ విద్వాంసులు తరతరములుగా హిందూదేవాలయములలో స్వామికి మేల్కొలుపు వాయించిరి. కావున నాజరు వీరకథలు చెప్పుట వింత కాదు. గుంటూరు సీమకది నిత్యకృత్యము. మతసామరస్యమని నేడు పెద్ద పేరు పెట్టి మనము చెప్పుకొనుచున్నదానికి అక్కడివారు పేరే పెట్టియుండలేదు.

డప్పును గూర్చి చెప్పునప్పుడు ఈ తీయదనము చాలదు. కుడిచేత చిర్ర, ఎడమచేత సిటికెనపుల్ల; తోలును మంటచూపి కాచి బిగించుకొనుట; దరువులలో చావుదరువు వేరు, పెండ్లిదరువు వేరు, జాతరదరువు వేరు. ఈ విద్య అంతయు మాదిగలది. కాని ఊరు దానిని విద్యగా గౌరవింపలేదు, వెట్టిగా వాడుకొన్నది. పిలిచినప్పుడు రావలెను, ఇచ్చినది పుచ్చుకొనవలెను, మేళమునకు ముందు నడచుచు గుడిలోనికి మాత్రము పోరాదు. జానపదకళల క్షీణతకు కన్నీరు కార్చు వ్యాసములలో ఈ సంగతి కానరాదు. యువకుడు డప్పు నటకెక్కించి పట్టణమునకు పోయెనన్నచో అది కళకు జరిగిన నష్టమే కావచ్చును, ఆతనికి మాత్రము విముక్తి. పిదప ఆ డప్పునే క్రిందికి దించి ఆత్మగౌరవమునకు గొంతుగా చేసినవారును వారే. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమము, పెత్తందారుల ఉత్తరువులు చాటిన వాద్యముతోనే తన హక్కును చాటినది. వంతగా నిలిచినవాడు తానే కథకుడైన ఘట్టమిది. సంప్రదాయరక్షణ పేరిట పాత బంధమును మరల కట్టవలెనని కోరువారితో నాకు పొత్తు లేదు. ఇప్పుడు మిగిలిన ప్రశ్న యొకటే: వెట్టి లేకుండ, కాని కొలువును జాతరను విడువకుండ, ఆ దరువులు ఎట్లు బ్రదుకును? కూలికి తగిన కూలి, గుడిలో తగిన చోటు ఇచ్చిన గ్రామములలో బ్రదుకుననియే నా నమ్మకము.

1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రము వెలసినది. కొంపలంటుకొనినను బుర్రకథ విడువని పల్లెటూరివారికి అదియొక వరము. రచ్చబండ చెంతకు రాలేని స్త్రీలు, వృద్ధులు ఇంట కూర్చుండి వినిరి. ఆ మేలును తక్కువ చేయను. కాని రేడియోకు ముఖము లేదు. హాస్యపు వంత విసరిన ఛలోక్తికి ఎదుట గాజుగోడ నవ్వదు. రాత్రియంతయు సాగు కథ గడియారపు ముల్లునకు లోబడినప్పుడు మొదట కత్తిరింపబడునది కథ గాదు, వంతల సంభాషణము; ఏలయన కథ ప్రతిలో నున్నది, వంత ప్రతిలో లేదు. 

గ్రంథములును ఈ దోషమునుండి తప్పించుకొనలేదు. వీరగాథల ప్రతులు సేకరించిన బ్రౌను, 1874లో తెలుగు వీరగాథలను గూర్చి ‘ఇండియన్ యాంటిక్వరీ’లో వ్రాసిన బాయిలు మొదలుకొని, హరి ఆదిశేషువు, నేదునూరి గంగాధరము, 1958లో ‘తెలుగు జానపదగేయసాహిత్యము’ ప్రకటించిన బిరుదురాజు రామరాజు వరకు మహానుభావులెందరో శ్రమించిరి. వారి కృషి లేనిచో ఈ ఉపన్యాసమే లేదు. అయినను వారి చేతి కలము ఒక్కసారి ఒక్క గొంతునే వ్రాయగలదు. పాట అచ్చుపడినది, పాట నడుమ ‘ఆఁ, తర్వాత?’ అన్నవాడు పడలేదు. తీగ తెంచి మల్లెపందిరి ఫోటో తీసినట్లైనది.

ఇప్పటి ఉత్సవవేదికల సంగతి చెప్పనక్కరలేదు. మంత్రిగారి రాకకు ముందు ఐదు నిమిషములు, రాక తరువాత మూడు నిమిషములు. ఒకే రంగు పంచెలు కట్టిన ముప్పదిమంది ఒకే దరువును ఒకేసారి వాయించుచు ముందునకు వత్తురు. చూచుటకు శోభగానే యుండును. ధ్వనియు భారీగానే యుండును. కాని ముప్పది డప్పులు ఒక్క మాటనే పలికినచో అందులో సంభాషణ మెక్కడిది? మూడు డప్పులతో ఒకడు అడుగగా ఇద్దరు చెప్పెడి పాత పద్ధతిలోని సొగసు మైకుల హోరులో కొట్టుకొనిపోయినది. తప్పు కళాకారులది కాదు. ఆహ్వానించువారు సంఖ్య నడుగుచున్నారు, వారు సంఖ్యనిచ్చుచున్నారు.

బిరుదములును వ్యక్తికే దక్కును. పద్మశ్రీ నందిన గాయకుని వెంట ముప్పదియేండ్లు వంత పాడినవారికి పింఛను దరఖాస్తులో వృత్తి యేమని వ్రాయవలెనో తెలియని స్థితి. కథకుడు గతించిన దినమున దళము చెదరును. వంతలకు కథ యంతయు కంఠస్థమే, ఐనను వారి నెవ్వరును కథకులుగా పిలువరు.

ఈ సభ నేర్పాటు చేసిన పెద్దలకు నావి చిన్న విన్నపములు. మీరు ధ్వనిముద్రణము చేయించునప్పుడు కథకునకొకటి, వంతల కొక్కొక్కటి, ఎదుట కూర్చున్న జనులకొకటి, వేర్వేరు మైకులు పెట్టింపుడు. కథ నచ్చువేయించునప్పుడు వంతల మాటలను ప్రక్క గడిలో అచ్చువేయింపుడు. వచ్చు సంవత్సరము ఈ వేదికపై బుర్రకథ చెప్పింతురేని, ఆహ్వానపత్రికలో మూడు పేర్లును ఒకే ప్రమాణపు అక్షరములలో వేయుడు; సన్మానమునకు మూడు శాలువలు, పారితోషికమునకు సమానమైన మూడు కవరులు సిద్ధముచేయుడు. కథకు మూడు గంటల వ్యవధి విడువుడు. ముందు వరుసలోని సోఫాలు తీయించి చాపలు పరపించి, హాలులోని దీపములు ఆర్పకుండుడు. హాస్యపు వంతకు ఎదుటివాని ముఖము కనబడవలయును గదా.